సుద్దగీత

లాడ్జి ఐదో అంతస్తుకు స్లాబు వేసిన రోజు
మా పెరట్లో తెల్లారడం ఆగిపోయింది.
తగాదా ఏం లేదు. వాళ్ల జాగా, వాళ్ల ఇటికెలు.
మేస్త్రీ గుణశేఖరం మైసూరుపాకు పొట్లం కూడా ఇచ్చిపోయినాడు.
నెల తిరక్కముందే ముద్దబంతి
మెడ సాచీ సాచీ సన్నబడి
పడమటి గోడకు ఆనుకునింది.
గులాబీ ఆకులైతే వేసింది,
మొగ్గ సంగతి ఎత్తలేదు.

నేను కొర్లగుంటలో జాకెట్లు కుట్టేదాన్ని.
కొలత తీయకుండా కత్తెర పట్టను.
ఒక ఆదివారం మిషను మీద గుడ్డ కప్పి
సుద్దముక్క తీసుకుని కూర్చున్నా, పెరటి గడప మీద.
ఎండ పదకొండున్నరకు వచ్చింది.
బండ మీద దాని అంచు చుట్టూ గీత గీసినా,
మట్టిలో అయితే పుల్లతో.
నీళ్ల తొట్టి దాటి, ఉతికే బండ ఎక్కి
పన్నెండూ ముప్పావుకు గోడ దూకి పోయింది.
టేపు పెట్టి చూస్తే
మూడు మూరల పొడవు, మూరన్నర వెడల్పు.
చంటిబిడ్డ పావడాకు కూడా చాలని పీలిక.

చాలని గుడ్డతో కుట్టడం నాకేమన్నా కొత్తా?

కరకంబాడి రోడ్డులో దొరసామి నర్సరీ.
"ఎండ ఎంత వస్తాదక్కా మీకు?" అన్నాడు.
చీటీ తీసి చూపిచ్చినా. గంటలు, మూరలు.
నవ్వలేదు ఆ మనిషి. అదే నచ్చింది నాకు.
మందారం మీదికి పోతున్న నా చేతిని
మాటతోనే పట్టుకున్నాడు.
"అది ఎండ తినే జాతి. మీకాడ పస్తుంటాది.
నీడ తాగేవి అట్ల వెనక ఉండాయి, రా."

పచ్చ వల కింద వేరే ఊరు.
అడుగు పెట్టగానే చల్లటి మట్టి వాసన,
మాట దానంతటదే చిన్నదైపోతుంది అక్కడ.
రంగురంగుల క్రోటను అడిగితే వద్దన్నాడు,
నీడలో రంగు మర్చిపోతాదంట.
"తెల్లచారల ఆకులు పెట్టుకో,
మసక చీకట్లో కూడా పలకరిస్తాయి."
కనకాంబరం మూడు మొక్కలు చూసి చూసి ఏరినా,
పొడుగువి కాదు, మొదట్లో దుబ్బు కట్టినవి.
తమలపాకు తీగ ఒకటి. ఒక నందివర్ధనం,
పూలు తగ్గుతాయని ముందే చెప్పి ఇచ్చినాడు.
పసుపు కొమ్ములు ఊరికే ఇచ్చినాడు,
వాళ్లమ్మ జాకెట్టు చేతులు వదులు చేసిపెట్టమన్నాడు.

నాటేటప్పుడు ఒకదానికొకటి జానెడు వదిలినా.
స్కూలుపిల్లల బట్టల్లో లోపల మార్జిను వదుల్తాం చూడు,
ఏడాదికి విప్పుకోవడానికి, అట్ల.
గులాబీని మిద్దె ఉన్న చెంగమ్మకు ఇచ్చేసినా.
మోస్తుంటే ముల్లు గీరింది.
కోపం ఉండదా మరి.

లాడ్జి వాళ్ల ఏసీ నీళ్లు
రాత్రంతా ఒకే చోట పడతాయి, టపటపా.
నిద్ర చెడి తిట్టుకునేదాన్ని.
ఇప్పుడు అక్కడ ఫెర్ను ఉంది.

ఇంకోటి కూడా కనిపెట్టినా, ఎవరికీ చెప్పలేదు.
బుధవారం వాళ్లు దుప్పట్లు ఉతికి
పక్క మిద్దె పిట్టగోడ మీద ఆరేస్తారు.
ఆ తెలుపు మీద పడిన ఎండ
విరిగి, మెత్తబడి, మా పెరట్లోకి దిగుతుంది.
ఎవరెవరో పడుకుని లేచిన దుప్పట్ల వెలుగు.
పసుపాకుకు అది చాలు.

మొన్న మూడో అంతస్తు వసారాలోంచి
గుండు కొట్టించుకున్న పిల్లోడు,
తల మీద గంధం ఇంకా తడారలేదు,
కమ్మీల సందులోంచి వేలు చూపించి
"ఇదు యావ హూవు?" అన్నాడు.
కనకాంబరం అన్నా.
వాళ్లమ్మ లోపలినుంచి వచ్చి తొంగిచూసి
"కనకాంబర" అనింది.
వాళ్లకూ అదే పేరంట.
కోసి ఇద్దామంటే చెయ్యి అందదు.
కాసేపు అందరం ఆ పూలకేసే చూసినాం.

గీత గీసింది ఆషాఢంలో. ఇప్పుడు మార్గశిరం.
పొద్దున చూస్తే ఎండ
గీతను వదిలేసి అవతలికి జరిగింది,
నందివర్ధనం సగం చీకట్లో ఉంది.
మనుషుల కొలతలే ఏడాదికోసారి మారతాయనుకున్నా.
మళ్లీ కొలవాలి.
దొరసామి వాళ్లమ్మ జాకెట్టు రేపటికి ఇయ్యాలి.
ఈ సుద్దముక్క
ఎక్కడ పెట్టి సచ్చినానో.